పదకొండో సెల్లు

రాజాంలో, పాలకొండ రోడ్డు మీద
మా మావ యాసిడ్ బ్యాటరీల షాపు.
జిల్లా మారింది, బోర్డు మీద ఇంకా శ్రీకాకుళమే.
సగం బల్ల ఇప్పుడు నాది.

రాత్రి ఎనిమిదికి అసిరినాయుడు
కరెంటు ఆటోని తోసుకుంటూ తెచ్చేడు.
"పొగిరి దాటనేదమ్మా. సార్జింగు సగముందనే సూపిస్తంది,
ఉన్నపళంగా ఆగిపోనాది.
పొద్దున్న ఏడింటికి బడిపిల్లలున్నారు."

గాజులు తీసి అరలో పెట్టేను.
దీపాలవేళ ఒట్టిచేతులేటని మావ గొణిగేడు.
రెండు కొసల మధ్య గాజు పడితే
ఏమవుద్దో మావకీ తెలుసు.
రెంచీకి టేపు చుట్టి మూత విప్పేను.

పదహారు నీలం డబ్బాలు
భుజాలు రాసుకుంటూ, వాన్లో బస్సు కోసం నిలబడ్డట్టు.
మీటరు మొనలు ఆనించి చదువుకుంటూ పోయేను.
మూడు పాయింటు రెండు తొమ్మిది.
రెండు తొమ్మిది.
రెండు ఎనిమిది.
మళ్ళీ తొమ్మిది.
పదకొండో దాని దగ్గర అంకె గొంతు తగ్గిపోయింది:
రెండు పాయింటు ఆరు.

"దాన్ని పీకి పారేయ్. కొత్తది ఎయ్."
పాతవాటి నడుమ కొత్తది
ఇంకో రకం తగువు.
పైగా బక్కవాటిలో రెండు రకాలు:
కడుపే చిన్నది ఒకటి,
అన్నం అందనిది ఇంకొకటి.
ఏది ఏదో మీటరు చెప్పదు.
రాత్రంతా పక్కన కూర్చోవాలి.

కూర్చున్నాను.
ముందు దానికొక్కదానికే, చిన్న ఛార్జరుతో,
ఉగ్గు పోసినట్టు కొంచెం కొంచెం.
తొందరపడి అందరితో కలిపేస్తే
పదిహేనూ ఒక్కసారి దాని మీద విరుచుకుపడతాయి.
సాయమే, కానీ కాలిపోద్ది.

పదకొండు దాటేక, మిగతావాటి మట్టానికి వచ్చేక,
పదహారింటినీ పక్కపక్కనే రాగి పట్టీలతో కలిపేను.
గట్టు తెంపిన మడులు చూసేరా,
ఎగువదీ దిగువదీ ఒకదానికొకటి
చప్పుడు లేకుండా సర్దుకుంటాయి.
మళ్ళీ ఛార్జరు పెట్టేను. ఆంపియర్లు దిగుతున్నాయి
పది, ఆరు, రెండున్నర.
దోమలు. బొబ్బిలి వైపు లారీలు.
అసిరినాయుడు బెంచీ మీద గురక.

పట్టీలు తుడుస్తుంటే దొరికింది అసలు సంగతి.
పదకొండో దాని నట్టు వదులు. కింద పచ్చటి చిలుము.
ఛార్జింగు ఎక్కుతున్నంతసేపూ
ఆ వదులు దగ్గర లేని వోల్టేజీ పుట్టి
అది దాని ఖాతాలో పడేది.
లోపలి బోర్డు పాపం రూలు ప్రకారమే
"దీనికి ఎక్కువైంది" అనుకుని
రోజూ దాన్లోంచి కాస్త తోడి
వేడి చేసి గాల్లో పారబోసేది.
అలా ఎన్ని నెలలో.
ఆకలితో ఉన్నదాన్ని
తిండిపోతని రాసుకున్న లెక్క.

నాలుగింటికి లేచేడు. చెప్పేను.
నట్టుని వేళ్ళ మధ్య తిప్పి చూసేడు,
చూపుడువేలు సగమే ఉంది.
"మా గోనెల మిల్లులో కాటా
ఇలగే ఉండేది" అన్నాడు.
ఇంకేదో అంటాడనుకున్నాను.
టీ తెస్తానని వెళ్ళిపోయేడు.

చిలుము గీకి, గరుకు కాగితంతో రుద్ది,
పదహారింటినీ మళ్ళీ వరసలో కట్టి
నట్లన్నీ ఒకే బిగువుకి బిగించేను.
అతిగా బిగిస్తే మరలు పోతాయి.
లోడు పెట్టి చూస్తే పదకొండోది నిలబడింది.
చివర్లో కాస్త ముందే వంగింది, నిజమే.
ఆకలి రోజులు ఊరికే పోవు.

"డెబ్భై కిలోమీటర్లు నడపకు, అరవైకే ఇంటికి రా.
రెండ్రోజులు బండి ఆపేస్తే నిండా ఎక్కించి ఒగ్గేయకు,
సగంలో ఉంచు. నెలకోసారి నాకు చూపించు."
"ఒక్కదాని కోసం పదిహేనూ పది కిలోమీటర్లు మానుకోవాలా?"
అన్నాడు, కోపంగా కాదు.
దానికి జవాబు నా దగ్గర లేదు.
మూడొందల యాభై తీసుకున్నాను.

ఆరున్నరకి బండి కదిలింది.
ఆఖరిసారి రాసిన కాగితం బల్ల మీదుంది:
పదహారు వరసలు, మూడో అంకె దాకా సమానం.
నాలుగో అంకె చూపించే మీటరు
నాకు లేదు.
గాజులు తొడుక్కున్నాను.